పల్లెలో కొత్తగా కట్టిన ఇల్లు కొంటున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

భీమవరం, పాలకొల్లు, అమలాపురం చుట్టుపక్కల ఏ ఊరికెళ్లినా కట్టి అమ్మకానికి పెట్టిన ఇల్లు ఒకటైనా కనిపిస్తోంది. కొనేవాళ్లలో హైదరాబాద్‌లో ఉద్యోగం ముగించుకుని సొంతూరి వైపు చూస్తున్నవాళ్లు, గల్ఫ్ నుంచి డబ్బు పంపే కుటుంబాలు, అమ్మానాన్నల కోసం ఇల్లు వెతికే పిల్లలు ఎక్కువ. ఇళ్ల పనులు చూసే ఇంజినీరుని కాబట్టి వీళ్లందరి నుంచీ నాకు దాదాపు అవే సందేహాలు వస్తుంటాయి. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు ఏది కావాలో నేరుగా దాని దగ్గరికి వెళ్లి చదువుకోండి. ఇందులో చెప్పిన రాష్ట్ర నిబంధనలు, రిజిస్ట్రేషన్ రేట్లు ఆంధ్రప్రదేశ్‌వి.

## చూడడానికి వెళ్లే ముందు

ఊరు ప్రశాంతంగా ఉందని చెప్పారు. ఒకసారి వెళ్లి చూస్తే సరిపోతుందా?

సరిపోదు. ఆదివారం మధ్యాహ్నం ఏ ఊరైనా ప్రశాంతంగానే ఉంటుంది. ఒకసారి రాత్రి పది తర్వాత వెళ్లండి. పక్కన రొయ్యల చెరువులుంటే నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా మోత పెడుతూ తిరుగుతుంటాయి, గాలి అటునుంచి వీస్తే వాసన కూడా వస్తుంది. రైస్ మిల్లు ఎంత దూరంలో ఉంది, వరికోతలప్పుడు లారీలు ఏ దారిన పోతాయి అని పక్కింటివాళ్లని అడగండి. వీలైతే వానాకాలంలో ఒకసారి, మే నెలలో ఒకసారి చూడండి. వానాకాలంలో వీధిలో నీళ్లు ఎక్కడ నిలుస్తాయో కనబడుతుంది. మేలో కాలువలు కట్టేసి ఉంటాయి కాబట్టి ఆ ఊరికి అసలు నీళ్లు ఎలా అందుతున్నాయో అప్పుడు తెలుస్తుంది.

ఓనరు సెంట్లలో చెప్తాడు, బ్రోకరు గజాల్లో చెప్తాడు. ఎలా పోల్చుకోవాలి?

1 సెంటు అంటే 48.4 గజాలు, అంటే 435.6 చదరపు అడుగులు. 5 సెంట్ల స్థలమంటే 242 గజాలు. ముందు స్థలం ధర వేరు, కట్టుబడి ధర వేరు చేసి చెప్పమనండి. మొత్తం కలిపి ఒకే అంకె చెప్తే బేరం ఎక్కడ ఆడాలో మీకు తెలియదు. కట్టుబడి చదరపు అడుగుల్లో చెప్పినప్పుడు అది గోడల లోపలి కొలతా, స్లాబు మొత్తమా, సన్‌షేడ్లూ మెట్లూ కూడా కలిపారా అని అడగండి. 1,200 అడుగులని చెప్పిన ఇంట్లో వాడుకునే చోటు 950 కూడా ఉండకపోవచ్చు. టేపు తీసుకెళ్లి మీరే కొలుచుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

కట్టిన ఇల్లు కొనడం మేలా, స్థలం కొని కట్టుకోవడం మేలా?

ఏడాదిపాటు రోజూ పని దగ్గర నిలబడే మనిషి మీ ఇంట్లో ఉంటే కట్టుకోండి. హైదరాబాద్ నుంచో దుబాయ్ నుంచో ఫోన్లో కట్టించే పరిస్థితైతే, పరీక్షగా చూసి కట్టిన ఇల్లే కొనుక్కోండి.

వాస్తు చూపించాలా?

మీకు నమ్మకం ఉంటే అడ్వాన్సు ఇవ్వకముందే చూపించుకోండి, ఇచ్చాక కాదు. ఈశాన్యంలో మరుగుదొడ్డి, వీధిపోటు లాంటివి మీరు పట్టించుకోకపోయినా రేపు మీ దగ్గర కొనేవాళ్లు పట్టించుకుంటారు, ధర తగ్గిస్తారు. నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. కొన్న తర్వాత వాస్తు కోసమని పిల్లర్లు, బీముల జోలికి పోవద్దు. గుమ్మం మార్చాలన్నా ముందు ఇంజినీరుకి చూపించండి.

## ఇంటి దగ్గర నిలబడి చూసేటప్పుడు

కొత్తగా రంగులేసిన ఇల్లు. ఇందులో లోపాలు ఎలా కనబడతాయి?

ముందు గోడల అడుగు భాగం చూడండి. నేల నుంచి రెండడుగుల ఎత్తు వరకు అరచేత్తో తడుముతూ నాలుగు గదులూ తిరగండి. ఎక్కడైనా చల్లగా తగిలినా, రంగు పొడిపొడిగా చేతికంటినా, తెల్లటి ఉప్పు పొక్కులు కనిపించినా కింది నుంచి చెమ్మ ఎక్కుతోందని అర్థం. మన గోదావరి డెల్టాలో నేలలోనే ఉప్పదనం ఉంటుంది కాబట్టి ప్లింత్ బీము (పునాది పైన, గోడ మొదట్లో పోసే బీము) మీద చెమ్మ ఎక్కకుండా పొర వేశారా లేదా అన్నది చాలా ముఖ్యం. గోడ అడుగున మాత్రమే కొత్తగా టైల్స్ అతికించి ఉంటే అది అందం కోసమా, పొక్కులు దాచడానికా అని నేరుగా అడగండి.

తర్వాత కిటికీల మూలలు. అక్కడి నుంచి ఐమూలగా పోయే పగులు, ఇటుకల వరస వెంట మెట్లుమెట్లుగా దిగే పగులు కనిపిస్తే పునాది కదిలి ఉండొచ్చు. ప్లాస్టరింగ్ మీద వెంట్రుకల్లా సన్నగా అల్లుకున్న గీతలకు మాత్రం భయపడక్కర్లేదు, అవి సరిగ్గా తడపకపోవడం వల్లో సిమెంటు ఎక్కువవడం వల్లో వస్తాయి. పగులులో రూపాయి బిళ్ల అంచు దూరుతుంటే మాత్రం బేరం ఆపి ఇంజినీరుని పిలవండి.

ఆ బిళ్లతోనే టైల్స్ మీద కొట్టి చూడండి. డొల్లగా మోగితే కింద సిమెంటు సరిగ్గా పరచలేదు. బాత్రూంలో ఒక బకెట్ నీళ్లు కుమ్మరించండి. నీళ్లు జాలీ వైపు పోకుండా గుమ్మం వైపు వస్తే వాలు తప్పింది. దాన్ని సరిచేయాలంటే టైల్స్ మొత్తం లేపాలి.

స్థలం మెరక చేశామని చెప్పారు. కంగారు పడాలా?

మెరక చేయడం తప్పేమీ కాదు. పల్లపు వరిచేను ఇంటి స్థలమైతే మెరక చేయక తప్పదు. మట్టి పోసి ఎన్ని వానాకాలాలు దాటాక పునాది తీశారు, పునాది పోసిన మట్టిలోనే ఆగిందా, కింది అసలు నేలలోకి దిగిందా అన్నవే అడగాల్సినవి. మట్టి పోసిన ఏడాదే కట్టేసిన ఇంట్లో గోడలు నిలబడినా గచ్చు కుంగుతుంది. వరండా మెట్లకీ గోడకీ మధ్య సందు తెరుచుకుంటుంది, ముందు అక్కడే చూడండి. నల్లరేగడి నేలైతే తడికి ఉబ్బుతుంది, ఎండకి బీటలు తీస్తుంది. ఆ నేలలో అండర్ రీమ్డ్ పైల్స్ (లోతుగా దించి, అడుగున ఉబ్బెత్తుగా పోసే కాంక్రీటు స్తంభాలు) వేసి, వాటిని కలుపుతూ పైన గ్రేడ్ బీములు పోసి ఉంటే మీ అదృష్టం. పునాది దశలో తీసిన ఫోటోలు ఈ రోజుల్లో ప్రతి మేస్త్రీ ఫోన్లోనూ ఉంటాయి. అవి చూపించమనండి.

స్లాబు గట్టిదో కాదో మాలాంటివాళ్లకి ఎలా తెలుస్తుంది?

డాబా మీద గొట్టాలు మూసేసి రెండంగుళాల నీళ్లు నిలబెట్టి ఒక రోజు ఉంచమనండి. మర్నాడు కింద సీలింగులో తడి మరక కనిపించకూడదు. రిబౌండ్ హ్యామర్ అని ఒక పరికరం ఉంది, దాంతో స్లాబుకి దెబ్బ తగలకుండా కాంక్రీటు గట్టిదనాన్ని ఉజ్జాయింపుగా చూడొచ్చు. ఏ సిమెంటు వాడారు, ఎన్నాళ్లు తడిపారు అని మేస్త్రీని మాటల్లో పెట్టి అడగండి. మామూలు ఓపీసీ సిమెంటుకి కనీసం 7 రోజులు, బూడిద కలిపిన పీపీసీ సిమెంటుకి 10 రోజులు తడపాలని భారతీయ ప్రమాణం చెప్తోంది. మూడ్రోజులు తడిపామని గర్వంగా చెప్పేవాళ్లూ ఉన్నారు.

బోరు నీళ్లు బాగానే ఉన్నాయన్నారు. నమ్మొచ్చా?

నోట్లో పోసుకుని చూస్తే సగం తెలుస్తుంది. మిగతా సగం టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే పరికరం) చెప్తుంది. తాగేనీటికి లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడు 2,000 వరకు ఒప్పుకుంటారు. మన వైపు పై పొరలో మంచినీళ్లు, కింద ఉప్పునీళ్లు ఉండే ఊళ్లు చాలా ఉన్నాయి. బోరు లోతుగా దింపినంత మాత్రాన మంచినీళ్లు రావు, ఒక్కోసారి చెడగొట్టుకున్నట్టే అవుతుంది. ఉప్పునీటి రొయ్యల చెరువు దగ్గరుంటే నీళ్లు ల్యాబులో పరీక్ష చేయించండి. సెప్టిక్ ట్యాంకుకీ బోరుకీ మధ్య 50 అడుగులైనా ఉంటే మంచిది. చిన్న స్థలాల్లో అంత దూరం దొరకదు, అలాంటప్పుడు పక్కింటివాళ్ల ట్యాంకు ఎక్కడుందో కూడా చూసుకోవాలి. అదెవరూ చూడరు.

కరెంటు విషయంలో ఏం అడగాలి?

కట్టేటప్పుడు తీసుకున్న తాత్కాలిక కనెక్షన్‌ని గృహ వినియోగానికి మార్చారా, లోడు ఎన్ని కిలోవాట్లు, ఎర్తింగ్ గుంట ఎక్కడ తీశారు, ఏసీ పాయింట్లకి 4 ఎంఎం వైరు లాగారా. ఈ నాలుగూ అడిగితే చాలు.

## కాగితాలు

గ్రామకంఠంలో ఉన్న ఇల్లట. దస్తావేజు లేదు, ఇంటి పన్ను రసీదు ఉంది. కొనొచ్చా?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. గ్రామకంఠం అంటే ఊరి ఇళ్ల కోసం మొదటి నుంచీ విడిచిన నేల. పాత సర్వేలో దాన్ని ఒక్కటిగా కొలిచి వదిలేశారు, ఇంటింటికీ సబ్ డివిజన్ చేయలేదు. అందుకే అక్కడి ఇంటికి అడంగల్, 1బి లాంటి రెవెన్యూ భూమి రికార్డులు ఉండవు. తాతల నాటి నుంచి నోటిమాటగా పంచుకున్నవే ఎక్కువ. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు ఆ ఇంట్లో ఎవరుంటున్నారో చెప్తాయి, ఎవరిదో తేల్చవు.

అలాగని గ్రామకంఠం ఇళ్లన్నీ వదిలేయమని నేను చెప్పను. వెనకటి రిజిస్టర్డ్ దస్తావేజు ఏదైనా ఒకటి ఉందేమో వెతికించండి. అమ్మినది, పంచుకున్నది, కూతురికి రాసిచ్చినది, ఏదైనా పనికొస్తుంది. కుటుంబ వృక్షం రాయించి వారసులందరి సంతకాలూ తీసుకోండి. 2020 ఏప్రిల్ 24న మొదలైన స్వామిత్వ పథకంలో డ్రోన్లతో ఊళ్లలోని ఇళ్లు కొలిచి ప్రాపర్టీ కార్డులు ఇస్తున్నారు. ఆ ఊళ్లో ఆ పని జరిగి ఉంటే కార్డు ఎవరి పేరున ఉందో చూడండి. ఇవేవీ లేకుండా పెద్దమనుషుల హామీ మీద అమ్ముతామంటే, ఇల్లు ఎంత ముచ్చటగా ఉన్నా వెనక్కి వచ్చేయండి. కొత్త గోడలు చూసి మనసు పడుతుంది, గొడవ మాత్రం పాత నేల గురించే వస్తుంది.

ఈసీ తీశాం, క్లీన్‌గా ఉంది. ఇంకా ఏం చూడాలి?

ఈసీ అంటే ఆ ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీల చిట్టా. ఆన్‌లైన్‌లో అది 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పుస్తకాల్లో వెతికించాలి. రిజిస్టర్ అయినవే ఈసీలో కనబడతాయి. నోటి పంపకాలు, రిజిస్టర్ చేయని అగ్రిమెంట్లు, దస్తావేజులు తనఖా పెట్టి తెచ్చిన చేబదుళ్లు అందులో ఉండవు. అందుకే ఒరిజినల్ దస్తావేజు, దాని లింకు డాక్యుమెంట్లు (అంతకు ముందు చేతులు మారినప్పటి దస్తావేజులు) మీ చేత్తో పట్టుకుని చూడాలి. జిరాక్సు చూపించి, ఒరిజినల్ లాకర్లో ఉందండీ అంటే ఆ లాకరు తెరిచేదాకా ఒక్క రూపాయి ఇవ్వకండి.

అమ్మే ఆయన పేరునే దస్తావేజు ఉంది. వాళ్ల అక్కచెల్లెళ్ల సంతకాలు కూడా కావాలంటారేంటి?

స్థలం ఆయన సొంత సంపాదనతో కొన్నదైతే అక్కర్లేదు. తండ్రి తాతల నుంచి వచ్చినదైతే కావాలి. ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని కూతుళ్లకి కొడుకులతో సమాన హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా పెళ్లయిన కూతుళ్లకీ వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పని కూడా లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. "మా చెల్లెలు ఏమీ అడగదండీ" అన్నది ఆయన నమ్మకం. మీకు మాత్రం సంతకం కావాలి. అది ఆ ఆడపిల్ల హక్కు కూడా, ఆమెకి తెలియకుండా జరిగిపోకూడదు.

పొలంలో కొంత భాగంలో కట్టిన ఇల్లు. ఏమన్నా ఇబ్బందా?

ఆ నేలని వ్యవసాయేతర భూమిగా మార్చినట్టు గానీ, దానికి కట్టాల్సిన ఛార్జీలు కట్టినట్టు గానీ కాగితం ఉండాలి. లేకపోతే బ్యాంకు లోను ఇవ్వదు. రోడ్డు నుంచి ఇంటికి వచ్చే దారి ఎవరిది అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. దారి అమ్మేవాళ్లదే అయితే దాని వెడల్పు, హక్కు మీ దస్తావేజులో రాయించాలి. పంట బోదె గట్టు మీదుగా వస్తుంటే అది మీ దారి కాదు.

22ఏ జాబితా అంటే ఏమిటి?

రిజిస్ట్రేషన్ చట్టంలో 22ఏ సెక్షన్ కింద నిషేధించిన భూముల జాబితా. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూములు, పేదలకి ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములు అందులో ఉంటాయి. సర్వే నంబరు పట్టుకుని రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. పేదలకిచ్చిన ఇళ్లపట్టా మీద కట్టిన ఇల్లైతే అమ్మకానికి షరతులు ఉంటాయి. అవి తేలేదాకా ఆగండి.

దస్తావేజులో సర్వే నంబరుంది, ఆన్‌లైన్‌లో ఎల్‌పీఎం నంబరు చూపిస్తోంది. రెండూ ఒకటేనా?

రీసర్వే పూర్తయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల బదులు ల్యాండ్ పార్సిల్ మ్యాప్ నంబర్లు వచ్చాయి. రెండూ ఒకే నేలవే కావాలి, కానీ విస్తీర్ణంలో తేడాలు వచ్చిన చోట్లున్నాయి. విలేజ్ సర్వేయరుతో కొలిపించి, కొత్త దస్తావేజులో రెండు నంబర్లూ రాయించండి.

పల్లెలో ఇంటికి కూడా ప్లాను అప్రూవల్ ఉండాలా?

ఉండాలి. పంచాయతీ ఇచ్చిన అనుమతి, ప్లాను రెండూ అడగండి. ప్లానులో ఒక అంతస్తుకి అనుమతి తీసుకుని రెండు వేసి ఉంటే, ఆ రెండోదానికి డబ్బులిస్తున్నది మీరు.

## బేరం, అడ్వాన్సు, లోను

అడ్వాన్సు నగదుగా అడుగుతున్నారు. ఇవ్వొచ్చా?

ఇల్లు, స్థలం అమ్మకంలో 20,000 రూపాయలు, ఆపైన నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెప్తోంది. బ్యాంకు ద్వారానే ఇవ్వండి. రేపు పేచీ వస్తే బ్యాంకు స్టేట్‌మెంటే మీ సాక్షి.

అగ్రిమెంటులో ఏం రాయించుకోవాలి?

ధర, గడువు, ఇచ్చిన అడ్వాన్సు, మిగతాది ఎప్పుడు ఇవ్వాలి అన్నవి అందరూ రాస్తారు. నేను అదనంగా రాయించుకోమనేది లోపాల సంగతి. రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులని నియంత్రించే రెరా చట్టం 500 చదరపు మీటర్లు దాటిన స్థలాలకో, 8 కంటే ఎక్కువ ఇళ్లున్న ప్రాజెక్టులకో వర్తిస్తుంది. దాని కింద బిల్డరు అయిదేళ్లు కట్టడపు లోపాలకు బాధ్యుడు. ఊళ్లో విడిగా కట్టిన ఒక్క ఇంటికి ఆ రక్షణ లేదు. కాబట్టి "మొదటి రెండు వానాకాలాల్లో స్లాబు కారినా, గోడలు పగిలినా అమ్మినవారే సొంత ఖర్చుతో బాగుచేయాలి" అని ఒక వాక్యం పెట్టించండి. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోవడం లేదో ఆలోచించండి. మిగిలిన పనులు, అంటే కాంపౌండు గోడ, గేటు, మోటారు, ఏవేవి ఎవరు చేయాలో కూడా రాయాలి.

లోను ఎంత వస్తుంది?

30 లక్షల వరకు లోనుకి ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్య అయితే 80 శాతం దాకా ఇవ్వొచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ విలువ బ్యాంకు వేల్యుయర్ కట్టినది, మీరు బేరమాడినది కాదు. పల్లెల్లో ఈ రెంటికీ తేడా బాగా ఉంటుంది. అందుకే లీగల్ ఒపీనియన్, వేల్యుయేషన్ వచ్చాకే పెద్ద మొత్తం అడ్వాన్సు ఇవ్వండి. లేదంటే చివర్లో టెన్షన్ పడాల్సి వస్తుంది.

జీఎస్టీ కట్టాలా?

ఓనరు తన ఇల్లు కట్టుకుని, పూర్తయ్యాక అమ్ముతుంటే లేదు.

నేను అమెరికాలో ఉంటాను. ఊళ్లో ఇల్లు కొనొచ్చా?

ఎన్నారైలు ఇల్లు కొనొచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ మాత్రం కొనకూడదు. ఇంటితోపాటు పక్కనున్న కొబ్బరితోట కూడా కలిపి అమ్ముతామంటే అక్కడ ఆగాలి. డబ్బు బ్యాంకు ద్వారా విదేశం నుంచి గానీ, ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ లాంటి ఎన్నారై ఖాతాల నుంచి గానీ రావాలి. మీ బదులు నాన్నగారో బావగారో సంతకం చేయాలంటే, జీపీఏని (మీ తరఫున సంతకం చేసే అధికారం ఇచ్చే పత్రం) అక్కడి భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపండి. అది ఇండియా చేరిన 3 నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి.

## రిజిస్ట్రేషన్

మొత్తం ఎంత ఖర్చవుతుంది?

స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, కలిపి 7.5 శాతం. మీరు కొన్న ధర, ప్రభుత్వ మార్కెట్ విలువ, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీద లెక్క కడతారు. 40 లక్షల ఇంటికి 3 లక్షలు. దస్తావేజు రాసినవారి ఫీజు, యూజర్ ఛార్జీలు వేరు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవారికిచ్చే సొమ్ములోంచి 1 శాతం ఆదాయపు పన్ను (దీన్నీ టీడీఎస్ అనే అంటారు) పట్టుకుని మీరే కట్టాలి. అమ్మేవారు ఎన్నారై అయితే ఆ 1 శాతం లెక్క కుదరదు, ఆడిటరుని అడగండి.

దస్తావేజులో తక్కువకి చూపిద్దామంటున్నారు. మనకీ మిగులుతుంది కదా?

వద్దు. మిగిలిన సొమ్ముకి మీ దగ్గర రుజువు ఉండదు. లావాదేవీ చెడిపోతే అది తిరిగి రాదు. రేపు మీరు అమ్మినప్పుడు కొన్న ధర తక్కువగా కనబడి లాభం మీద పన్ను పెరుగుతుంది.

మూఢంలో రిజిస్ట్రేషన్ చేసుకోవచ్చా?

చట్టానికి ముహూర్తంతో పని లేదు. మంచిరోజు కోసం ఆగాలనిపిస్తే అగ్రిమెంటు గడువు దాటకుండా చూసుకోండి. చాలామంది రిజిస్ట్రేషన్ ముందు చేసుకుని, గృహప్రవేశం మంచి ముహూర్తానికి పెట్టుకుంటారు.

ఆఫీసుకి వెళ్లిన రోజు ఏం చూసుకోవాలి?

సంతకానికి ముందు హద్దులు గట్టిగా చదివించుకోండి. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం ఎవరెవరు ఉన్నారో ఇంటి దగ్గర నిలబడి చూసిన దాంతో సరిపోవాలి. పక్కస్థలం చేతులు మారినా పాత పేరే రాసేస్తుంటారు. ఇంటి నంబరు, కరెంటు సర్వీసు నంబరు, బోరు, దారి హక్కు అన్నీ దస్తావేజు షెడ్యూల్లో (ఆస్తి వివరాలు రాసే భాగంలో) ఉండాలి. ఇద్దరు సాక్షులు, అందరి ఆధార్ కార్డులు తీసుకెళ్లండి.

## ఇంట్లో చేరాక

రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఇంకేం పనులుంటాయి?

పంచాయతీలో ఇంటి పన్ను మీ పేరుకి మార్పించుకోండి, కరెంటు మీటరు కూడా. పాత బకాయిలుంటే అమ్మినవారితో ముందే కట్టించాలి. లింకు డాక్యుమెంట్ల ఒరిజినల్స్ అన్నీ మీ చేతికి వచ్చాయో లేదో లెక్క చూసుకోండి.

ఓనరు ఇప్పటికే గృహప్రవేశం చేశారు. మేం మళ్లీ చేయాలా?

మన వైపు చేసుకుంటారు. పాలు పొంగించి, సత్యనారాయణ వ్రతం చేసుకుని చేరతారు. వీధివాళ్లని పిలవండి. కొత్తగా వచ్చినవాళ్లకి మురుగు ఎటు పోతుంది, ట్యాంకరు ఎవరికి ఫోన్ చేస్తే వస్తుంది లాంటివన్నీ ఆ భోజనాల దగ్గరే తెలుస్తాయి.

మొదటి వానాకాలం గోడకి చెమ్మ వచ్చింది. వెంటనే పెయింట్ వేయించాలా?

వేయించకండి. ముందు ఫోటోలు తీసి తేదీతో అమ్మినవారికి పంపండి. చెమ్మ పైనుంచి దిగుతోందా, కింది నుంచి ఎక్కుతోందా, బాత్రూం గోడ అవతల నుంచి వస్తోందా అన్నది తేలాలి. పైనుంచి అయితే డాబా మీద నీటి గొట్టం మొదళ్లు, పిట్టగోడ అంచులు చూడండి, ఎక్కువసార్లు అక్కడే దొరుకుతుంది. కింది నుంచి అయితే ప్లాస్టరింగ్ కొట్టించి చెమ్మ ఆపే మందు పట్టించాలి. బాత్రూం గోడైతే టైల్స్ సందులు మళ్లీ నింపించి ఒక నెల చూడండి. గోడ పూర్తిగా ఆరాకే రంగు వేయించండి.